డబ్బాలో చిక్కిన కొంగు

గద్వాలలో మగ్గాల మీద బొమ్మకు తగ్గట్టు పోగులెత్తే జకార్డుకు అట్టలు కొట్టడం తిరుపతి పని. గ్రాఫు కాగితం మీది బొమ్మను గడి గడిగా చదివి అట్టకు బెజ్జాలు పొడుస్తాడు. ఒక్కో అట్ట నేతలో ఒక్కో వరుస. బడి చదువు ఏడుతోనే ఆగినా, గ్రాఫు చూస్తే చీర కళ్లముందు కదిలేది.

ఐదేళ్ల కిందట అట్టల బదులు ఎలక్ట్రానిక్ డబ్బాలు వచ్చాయి. తోటివాళ్లు గొణుక్కుంటుంటే తిరుపతి ఆ పనీ నేర్చుకున్నాడు. రాధమ్మ మగ్గానికి డబ్బా బిగించిందీ అతనే. ఆమె భర్త వెంకటన్న చనిపోయే ముందు గీసిన కొంగును, మీటలు నొక్కుతూ గడి గడినీ అందులోకి ఎక్కించాడు. ఆ కొంగు రాధమ్మ తప్ప ఎవరూ నేయరు. ఇక అట్టలెందుకని గ్రాఫుతో సహా నీళ్ల పొయ్యిలో పెట్టారు. పెట్టమన్నది తిరుపతే.

మొన్న వానాకాలం డబ్బా ఆగిపోయింది. విప్పి చూస్తే ఒక బోర్డు కాలింది. అలాంటిదే మరొకటి వేశాడు. దీపం వెలిగింది గానీ, డబ్బా పరాయి బోర్డును ఒప్పుకోలేదు. చిప్పులోంచి కొంగు ఫైలు బయటికి తీస్తే అంతా కలగాపులగం. దాన్ని చదవగల ప్రోగ్రాముకు తాళం వేసి ఉంది. ఆ ప్రోగ్రాము చూడనిస్తే, ఆరునెలలు కూర్చునైనా నేర్చేవాడు.

డబ్బా అమ్మిన కంపెనీ నుంచి మహేందర్ అనే మెకానిక్ వచ్చాడు.

"ఈ మోడల్ బందైంది పెద్దమ్మా. కొత్తది తీస్కోండ్రి."

"కొత్తది గాదు బిడ్డా, నా కొంగు ఇయ్యి."

"తాళం కంపెనోళ్ల దగ్గరుంటది. అడిగిన, ఇయ్యరంట."

"డబ్బా మేం కొన్నం, కొంగు మా ఆయన గీసిండు. నడుమల గీ తాళమేంది?"

"నన్ను తిడితే ఏమొస్తది, నేను జీతగాన్ని. మా ఇంట్ల వాషింగ్ మిషనే నా మాట ఇనదు."

మహేందర్ వెళ్లాక తిరుపతి అడిగాడు. "వదినా, ఆ కొంగు చీర పాతదేమన్న ఉందా?"

"కట్టి కట్టి చినిగింది ఉన్నది. ఏం జేస్తవ్, బొంత కుడ్తవా?"

చీర పరిచి, భూతద్దం కింద జరీ పోగులు లెక్కపెడుతూ గ్రాఫు గీశాడు. రెండు నెలలు పట్టింది. కాగితం మీదొకటి, ఎవరి కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే బొమ్మగా ఒకటి దాచాడు. అయితే మడత పడేచోట నలభై వరుసలు అడ్డంగా చీకిపోయి ఉన్నాయి.

"నెమలి మెడ కాడ ఏముండె వదినా, యాదికుందా?"

రాధమ్మ చీరను వెలుగుకు పట్టి చూసింది. "జకార్డు పోగులెత్తె, నేను పోగుల నడుమ నాడె ఇసిరిన. లోపల ఏముండెనో ఆయనకే తెల్సు. నువ్వే ఏదన్న గియ్యరాదు? నీకు రాదా ఏంది?"

"వస్తది. గీస్తే నాదైతది, వెంకటన్నది గాదు."

గ్రాఫు చూసి మళ్లీ అట్టలు కొట్టాడు గానీ, ఆ నలభై అట్టలకూ అతను బెజ్జం పొడవలేదు. డబ్బా దించి పాత జకార్డు ఎక్కించారు. మగ్గం ఆడింది. నెమలి మెడ దగ్గర వేలి వెడల్పున బొమ్మ లేని ఉత్త పట్టే వచ్చింది.

రాధమ్మ ఆ బోసి చోటును బొటనవేలితో నిమిరింది.

"గట్లనే ఉండనియ్యి" అని మళ్లీ నాడె అందుకుంది.