జాతరలో చేప వేషం

నా చిన్నప్పుడు వేసవి వస్తే బరంపురంలో అందరికీ చెమట పట్టేది, నాకు తప్ప. ఇదేమీ గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. పుట్టుకతోనే నా చర్మం ఎండిపోయి, చేప పొలుసుల్లా లేచి ఉండేది. చెమట లేక ఒంట్లో వేడి బయటికి పోయేది కాదు. కాస్సేపు ఎండలో ఆడితే కళ్ళు తిరిగి పడిపోయేవాణ్ణి. ఇది ఇతరులకు సోకే జబ్బు కాదని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. గోసాని నువాగాం పేటలో మా వీధివాళ్ళు ఆయన్ని అడగలేదు కనక, నేను కూర్చున్న అరుగును దూరం నుంచే గౌరవించేవారు.

ఆ ఏడు మా ఊరి అమ్మవారి ఠాకురాణి జాతర వచ్చింది. మొక్కున్న పిల్లలు ఒళ్ళంతా రంగులు పూసుకుని పులులై వీధులు తిరుగుతున్నారు. నాకూ వేషం కట్టాలని ఉంది. రంగు పడితే చర్మం పగులుతుందని, గుంపులో వేడికి పడిపోతానని అమ్మ గడియ పెట్టేసింది. నేను అన్నం మానేసి మూల కూర్చున్నాను. అమ్మ దాన్నీ ఒక వేషంగానే లెక్కవేసింది.

అప్పుడు నర్సు చదువుతున్న పక్కింటి అక్క వచ్చింది.

"పిన్నీ, ఈడికి రంగెందుకు? సేప ఏసం కడతాను."

"పిల్లోన్ని నవ్వులపాలు సేత్తావేటే?"

"నవ్వనీ. ముందు నీల్లు తే."

నాకు తడి పంచె చుట్టి, కాగితం తోక కట్టి, అక్క బిందె చంకనెత్తుకుంది. మలుపు మలుపుకీ నా నెత్తిన నీళ్ళు కుమ్మరించి, చేప నీళ్ళు లేకపోతే బతకదు కదా అని జనానికి సంజాయిషీ చెప్పేది. పక్క వీధికి చేరేసరికే తోక నాని ఊడిపోయింది. ఎవరూ గమనించలేదు.

తిరిగి మా వీధికి వచ్చేసరికి, మా అరుగు తొక్కని ఎదురింటి మామ్మ కూడా చెంబుతో వచ్చి నీళ్ళు పోసి, నేనెవరో పోల్చుకోకుండానే నా చెయ్యి నిమిరింది.

"పొలుసులు ఎవలు కట్టేరే? అచ్చం సేపే."

"పుట్టుకతో వచ్చేయి మామ్మా. సూడు, నీ సేతికేటీ అవలేదు," అంది అక్క.

మామ్మ తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. కాస్త ఆలోచించి, ఇంకో చెంబు పోసింది.

ఇంటికి రాగానే అక్క నా ఒంటి తడి ఆరకముందే కొబ్బరినూనె పట్టించింది. అంతవరకూ మేం శుభ్రంగా తుడిచి, ఎండిన చర్మానికి నూనె రాసేవాళ్ళం. తడి మీద రాస్తే ఆ తడి చర్మంలోనే నిలుస్తుందట. ఆ చలికాలం నా మడమలు పగలడం బాగా తగ్గింది.

ఈ వయసులోనూ తడి మీదే నూనె రాస్తాను, తడి తువ్వాలు లేకుండా ఎండలోకి వెళ్ళను. బస్సులో ఎవరైనా నా చేతులు చూసి పక్కకి జరిగితే, చిన్నప్పుడు జాతరకి కట్టిన వేషమనీ, విప్పడానికి తీరిక దొరకలేదనీ చెప్పి చెయ్యి చాస్తాను. చాలామంది మళ్ళీ దగ్గరికి జరుగుతారు.