రత్నం మేడమ్‌కి కనపడనిది

ఈ పొద్దున బస్సులో ముందు సీట్లో ఎవరో మరువం పెట్టుకుని కూర్చున్నారు. ఆ వాసన తగలగానే, రోజూ మరువం పెట్టుకొచ్చే మా రత్నం మేడమ్ పక్కన నిలబడి "ఏటే, టిఫిను తిన్నావా?" అని అడిగినట్టే అనిపించింది. విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాకు మొదటి ఉద్యోగమిచ్చి పని నేర్పిన మనిషి ఆవిడ. గరివిడి, పాతపట్నం శాఖల రోగుల వివరాలన్నీ క్లౌడ్‌లో ఒకేచోట చేరేవి. ఆ డేటా అంతటికీ ఆవిడే పెద్ద.

ఆ డేటాలో నేనూ ఉన్నాను. ఉద్యోగానికి ముందు పాతపట్నం శాఖలోనే క్షయకు మందులు వాడాను. జబ్బు పూర్తిగా తగ్గిపోయింది. కానీ ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, మా గదిలో ఏ కంప్యూటరు తెరిచినా అందరివీ అన్నీ కనపడేవి. ఒక్కరి నోట పడితే ఊరంతా టాంటాం అవుతుందని నాకు అన్నం సహించేది కాదు. ఉండబట్టలేక మేడమ్ దగ్గరికెళ్ళి, నా వివరాలు తుడిపేయమని అడిగాను.

"తుడిపేస్తే రేపు నీకు దగ్గొస్తే డాక్టరు ఏటి సూస్తాడే? ఉండనీ. ఎవులు సూడాలో అది సరిసేద్దాం," అన్నారావిడ.

అలా మొదలైంది ఆ పని. ఎవరికి ఏం కనపడాలన్నది మనిషిని బట్టి కాక, చేసే పనిని బట్టి నిర్ణయించారు. వైద్యం చేసే డాక్టరుకు జబ్బు, బిల్లింగ్ వాళ్ళకు బిల్లు. డేటాను కాపాడే మాకు పేర్ల చోటా జబ్బుల చోటా చుక్కలే. పని మారితే ఆ పాత పనితోపాటు చూసే అనుమతీ పోతుంది. అందరి అనుమతులూ సరిచేశాక తన అనుమతి కూడా తీసేయించుకున్నారు. నాకు ఆశ్చర్యమేసింది. "మీరెందుకు మేడమ్? మీరెవరికీ చెప్పరు కదా."

"సెప్పను. గానీ మనోళ్ళ సంగతి తెల్దా? అందరూ బావలూ మావలే. నాకు కనపడతాదని తెలిస్తే అడుగుతారు. కాదంటే అలుగుతారు. కనపడకపోతే గొడవే లేదు."

అడిగేవాళ్ళు రానే వచ్చారు. మేడమ్ సొంత అన్నయ్య ఆమదాలవలస నుంచి రైలెక్కి వచ్చారు. వాళ్ళబ్బాయికి నన్ను చూద్దామని అనుకుంటున్నారట. నేను అవతలి బల్ల దగ్గరున్నాను, ఆయనకు నా ముఖం తెలియదు.

"సెల్లీ, ఆ పాతపట్నం పిల్ల మీ ఆస్పత్రిలోనే ఏవో మందులు వాడిందని ఇన్నాం. ఓపాలి సూసి సెప్పు."

నేను తల వంచుకుని కాగితాలు తిరగేస్తున్నట్టు నటించాను. మేడమ్ మాత్రం తొణకలేదు. స్క్రీను ఆయన వైపు తిప్పారు. "నాకే కనపడదన్నయ్యా. నువ్వే సూడు."

ఆయన కళ్ళజోడు సవరించుకుని చుక్కల్ని చాలాసేపు చూశారు. "ఇంత పెద్ద ఉద్యోగం సేస్తన్నావు, నీకే సూడనీరా? మరెవుల్నడగాలి?"

"ఆ పిల్లనే అడుగు. సెప్పాలనుంటే సెప్తాది, లేదంటే లేదు," అని మేడమ్ నా వైపు చూశారు. బలవంతం లేని చూపు అది. అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయినా ఆవిడ ఏమీ అనరని నాకు తెలుసు. వెళ్ళలేదు. ఎవరో గుసగుసగా చెప్పాల్సిన మాట నా నోటితోనే చెప్పాను. "ఆ పిల్లను నేనే మావయ్యా. క్షయ వచ్చింది. మందులన్నీ వాడాను, తగ్గిపోయింది." గుండెమీద బరువు దిగిపోయింది. ఆయన మేడమ్ తెప్పించిన టీ తాగి, "మా అమ్మకీ వచ్చినాదిలే అప్పట్లో," అన్నారు.

మేడమ్ రిటైరయ్యాక ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. మొదటిరోజు చేసిన మొదటి పని, కొత్తగా వచ్చానని ఆసుపత్రివాళ్ళు మళ్ళీ ఇవ్వబోయిన అనుమతిని వద్దనడం. పోయినవారం ఇంట్లో భోజనాల దగ్గర మా మామగారు, అదే ఆ ఆమదాలవలస పెద్దాయన, పక్కింటివాళ్ళ కోడలు ఆసుపత్రికి ఎందుకెళ్ళిందో కనుక్కోమన్నారు.

"నాకు కనపడదు మావయ్యా," అన్నాను చారు వడ్డిస్తూ.

"తెలుసులే," అన్నారాయన. "మా సెల్లి కుర్చీ కదా."