సంద్రం బాగుంటాది

ద్వారకలో సముద్రం లేదన్న సంగతి వీరాంజనేయులుకి ఎవరైనా నచ్చజెప్పాలి గానీ, ఆ ధైర్యం చేసినవాళ్లు ఇంతవరకూ లేరు. పొద్దున్నే లేచి బాల్కనీలో పావురాలు చేసిన నిర్వాకమంతా కడుక్కుని, కుర్చీ వేసుకుని, భార్య ఉష ఇచ్చిన టీ పక్కన పెట్టుకుని, ఫోన్లో సముద్రం చూస్తాడు. బంగాళాఖాతం మీద గాలి ఎటు వీస్తోంది, శ్రీలంక కిందుగా ఏం లేస్తోంది, లేచింది భీమిలి ఒడ్డుకి ఎప్పటికి చేరుతుంది, అన్నీ ఓపిగ్గా చూస్తాడు. చూసి, గొంతు సవరించుకుని, ఒక వాయిస్ మెసేజ్ పెడతాడు. ఈలోగా టీ చల్లారిపోతుంది. దాన్ని మళ్లీ వేడిచేసి తెస్తూ ఉష, మీ సంద్రానికో దండం అంటుంది. ఆ దండం కూడా రోజూ ఉండేదే.

ఆ మెసేజ్ వెళ్లేది మేనల్లుడు ఉదయ్‌కిరణ్‌కి. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బ పక్కన చిన్న ఒడ్డు ఉంది. అక్కడ వాడు సర్ఫింగ్ నేర్పుతాడు. అంటే బోర్డు మీద నిలబడి, కెరటం తోసుకొస్తుంటే దానితోపాటు ఒడ్డుదాకా జారుకుంటూ రావడం. ఫోన్లో అంకెలు వాడూ చూస్తాడు. కానీ ఆ దిబ్బ దగ్గర కెరటం ఎక్కడ లేచి ఎక్కడ విరుగుతుందో ఏ యాప్‌కీ తెలియదు, మావయ్యకి తెలుసు. తెలియకేం, పుట్టింది అక్కడే.

మత్స్యకారుల వాడలో పుట్టి, ఇంటరు అయ్యీ అవగానే నేవీలో చేరిపోయాడు వీరాంజనేయులు. అక్కడ వాతావరణం చూసే విభాగంలో వేశారు. కొచ్చిలో బెలూన్లు ఎగరేశాడు, పోర్ట్ బ్లెయిర్‌లో మబ్బుల్ని చూసి రిపోర్టులు రాశాడు, చివరికి ఢిల్లీ తెచ్చి ఏసీ గదిలో కూర్చోబెట్టారు. రిటైరయ్యాక ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో కొలువు దొరికింది, పిల్ల చదువు ఇక్కడే ఉంది, ఇంకేం, ద్వారకలో ఫ్లాట్ కొనుక్కున్నారు. సొసైటీలో అందరికీ ఆయన మౌసమ్‌వాలే అంకుల్, అంటే వాతావరణం అంకుల్. వడియాలు పెట్టుకోవాలన్నా, మేడమీద పుట్టినరోజు చెయ్యాలన్నా, అంకుల్ ఆజ్ ఆంధీ ఆయేగీ క్యా, ఇవాళ దుమ్ముగాలి వస్తుందా అని లిఫ్టులోనే పట్టుకుంటారు. ఈయనకి అదో ఆనందం. అడగకపోతే పైకి అనడు గానీ, కాస్త ముఖం మాడ్చుకుంటాడు.

మెసేజ్‌లో కెరటం ఎత్తు అడుగుల్లో చెప్పడు. మోకాలెత్తు, నడుమెత్తు, ఛాతీయెత్తు, తలెత్తు, అంతే. సర్ఫింగ్ పిల్లలకి అదే అర్థమవుతుందని ఉదయ్ నేర్పాడు. ఇంకోటి కూడా నేర్పాడు, అది నేర్పడానికి వాడికి పెద్ద దెబ్బే తగిలింది. మొదట్లో ఒకసారి ఈయన, రేపు సంద్రం చాలా బాగుంటాది అని మెసేజ్ పెట్టాడు. వాడు ఎగిరి గంతేసి, హైదరాబాదు నుంచి ఒక జట్టుని కబురుపెట్టి మరీ పిలిపించుకున్నాడు. తెల్లారి చూస్తే సముద్రం పళ్లెంలో నీళ్లలా కదలకుండా పడుంది. వచ్చినవాళ్లు బోర్డుల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఫోటోలు దిగి వెళ్లిపోయారు.

సాయంత్రం ఫోన్ చేసి ఉదయ్ గొల్లుమన్నాడు. మావయ్యా, నువ్వు సెప్పిందేటి, నేనిన్నదేటి అని. అప్పుడు గానీ ఇద్దరికీ తెలియలేదు. వాడలో పెద్దవాళ్లు సంద్రం బాగుంది అంటే కెరటం లేదని, తెప్ప వెయ్యొచ్చని. సర్ఫింగ్ చేసేవాడు బాగుంది అంటే కెరటం లేచిందని. ఒకే మాట, ఒకడు పడవెక్కడానికి, ఒకడు బోర్డెక్కడానికి. ఆరోజు నుంచి మెసేజ్‌లో బాగు అన్న మాటే రాకూడదని ఒట్టేసుకున్నారు. వీరాంజనేయులు ఆ ఒట్టుని చాలాకాలం నిలబెట్టుకున్నాడు.

ఇప్పుడు కూతురి సంగతి. హరిప్రియ పెరిగిందంతా ఢిల్లీలోనే. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. నాన్నని పాపా అంటుంది. డిగ్రీకి నేను విశాఖపట్నం వెళ్తానని పట్టుబట్టి వెళ్లింది. వెళ్లిన మొదటి ఆదివారమే ఆ ఒడ్డుకి చేరి, మేనత్త కొడుకుని అందరి ముందూ ఉదయ్ భయ్యా అని పిలిచింది. వరసకి బావ! వాడ జనమంతా పడీ పడీ నవ్వారు. మేనత్తకి మాత్రం నవ్వు రాలేదు, ఆవిడ ఆశలు ఆవిడకున్నాయి మరి. హరిప్రియకి ఇవేమీ పట్టలేదు. బోర్డెక్కింది, పడింది, ఉప్పునీళ్లు తాగింది, మళ్లీ ఎక్కింది. ఆ తర్వాత ఏ ఆదివారమూ హాస్టల్లో లేదు.

అంతకుముందు ఆ ఇంటి ఆడవాళ్లెవరూ సముద్రంలోకి దిగలేదు. వీరాంజనేయులు తల్లి, నానమ్మ ఒడ్డున నిలబడి తెప్పల కోసం చూసినవాళ్లే, చేపల తట్ట నెత్తికెత్తుకుని ఊళ్లమ్మట తిరిగినవాళ్లే. లోపలికి వెళ్లిన మొదటి ఆడపిల్ల ఎక్కడినుంచి వచ్చిందయ్యా అంటే ఢిల్లీ నుంచి. ఈ మాట ఆఫీసులో ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్కలేదు. గర్వం ఉంది, కాదనలేం. దానికి రెండింతలు భయం కూడా ఉంది. ఛాతీయెత్తు అని మెసేజ్ పెట్టిన రోజు, కూతురు ఒడ్డెక్కానని ఫోన్ చేసేదాకా ఆయనకి ముద్ద దిగదు.

మే నెలాఖరున అక్కడ పోటీ పెట్టారు. నిర్వహించేది ఉదయే. శని, ఆదివారాలు రెండూ ఖాళీగా ఉంచుకుని, ఏ రోజు కెరటం లేస్తే ఆ రోజు జరిపిద్దామనుకున్నారు. ఆడపిల్లల్లో ఇద్దరిని ఎంచి, జాతీయ పోటీలకి తర్ఫీదిచ్చే శిబిరానికి పంపుతారు. హరిప్రియ ప్రాణమంతా దానిమీదే ఉంది. పొడుగరి, కాస్త బరువున్న పిల్ల. చిన్న కెరటం దాన్ని మొయ్యదు, బక్కపిల్లలు సునాయాసంగా ముందుకెళ్లిపోతారు. పెద్ద కెరటం వస్తే మాత్రం ఈ పిల్లని పట్టుకోవడం ఎవరితరమూ కాదు. చిన్న కెరటంలో నేనేమీ కాను, నాకు పెద్దదే కావాలని ఫోన్లో తండ్రితో స్పష్టంగానే చెప్పింది.

“ఛోటీ లహర్ మే మై కుఛ్ నహీ, పాపా. ముఝే బడీ చాహియే.”

శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి చొక్కా కూడా మార్చకుండా ఫోన్ ముందేసుకుని కూర్చున్నాడు వీరాంజనేయులు. శ్రీలంక కింద నుంచి పెద్ద కెరటాలు బయల్దేరాయి. అవి శనివారం చేరతాయా ఆదివారమా అన్నది యాప్‌లు తేల్చుకోలేకపోతున్నాయి. ఈయనకి అనుమానం లేదు. శనివారం ఏమీ ఉండదు. ఆదివారం పొద్దున తలెత్తు, ఒకోటి తల మీద నుంచి కూడా పోవచ్చు. ఆ తలెత్తు నీళ్ల ముందు తన పిల్ల నిలబడినట్టు కళ్లకి కట్టింది. గొంతు సవరించుకుని మెసేజ్ పెట్టేశాడు. శనివారం సంద్రం బాగుంటాది, ఆదివారం మాత్రం తేడాగా ఉంటాది అని.

ఉదయ్ వెంటనే బొటనవేలు బొమ్మ పంపాడు. పోటీ శనివారమేనని అందరికీ చెప్పేస్తున్నానన్నాడు.

ఉష అక్కడే కింద కూర్చుని మాగాయకి మామిడికాయలు చెక్కు తీస్తోంది. తెనాలి మనిషి, సముద్రంతో ఏ చుట్టరికమూ లేదు. చెవులు మాత్రం చురుకు. ఏమండీ, ఆ మాట మానేశానన్నారుగా, మళ్లీ అన్నారేమిటి అంది.

ఏ మాట అన్నాడు. ఉష చెప్పింది. అప్పుడు గానీ ఆయనకి తట్టలేదు. తను చెప్పింది పడవెక్కేవాడి బాగు, ఉదయ్ విన్నది బోర్డెక్కేవాడి బాగు.

లేచి కింద పార్కులోకి వెళ్లి నడవడం మొదలుపెట్టాడు. ఇంకా వడగాలి కొడుతూనే ఉంది, కుక్కలు కూడా నీడన పడున్నాయి. తను అబద్ధం చెప్పలేదు. వాడలో ఏ ముసలాయన్ని అడిగినా శనివారమే బాగుంటుందంటాడు. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. పిల్ల మోకాలెత్తు నీళ్లలో ఆడుకుని, ఓడి, కాసేపు ఏడ్చి, క్షేమంగా హాస్టల్‌కి పోతుంది. పాత పొరపాటే మళ్లీ జరిగిందని ఉదయ్ నవ్వేస్తాడు, అంతకుమించి ఎవరూ ఏమీ అనరు. ఇంత సులువుగా దొరికినదాన్ని వదులుకోవాలంటే మనసు రావడం లేదు. కూతురి ముఖం గుర్తొస్తే సిగ్గేస్తోంది, తలెత్తు కెరటం గుర్తొస్తే ఆ సిగ్గు కాస్తా ఎగిరిపోతోంది. పాపం, ఏ తండ్రినైనా అడగండి.

పైకొచ్చి ఉషకి ఉన్నదున్నట్టు చెప్పాడు. నీకు మాత్రం భయం లేదా అని అడిగాడు. ఎందుకు లేదు, నాకూ ఉంది అంది. చేతిలో కత్తి పక్కన పెట్టి, ఆయన వైపు తిరిగింది.

“మీకేది బాగుంటుందో వాళ్లు అడగలేదండీ. దానికేది బాగుంటుందో అడిగారు.”

వీరాంజనేయులు బాల్కనీలోకి వెళ్లాడు. మెసేజ్ రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాడు. మూడోసారి ఒక్క బిగిని చెప్పేశాడు.

“ఒరే ఉదయ్, ఇందాక నేను సెప్పింది మీ తాత బాగు. శనివారం మోకాలెత్తు కూడా రాదు. ఆదివారం పొద్దున తలెత్తు, గాలి నేల మీంచి ఉంటాది, కెరటం నున్నగా లేస్తాది. తొందరగా మొదలెట్టు, పొద్దెక్కితే గాలి తిరుగుతాది. ఆదివారం సంద్రం...”

ఫోన్ మీద నుంచి వేలు తియ్యలేదు.

“బాగుంటాది.”

పుట్టి బుద్ధెరిగాక, పెద్ద సముద్రాన్ని చూసి ఆయన ఆ మాట అనడం అదే మొదలు. వాళ్ల నాన్న వింటే చెంప పగలగొట్టేవాడు. ఉదయ్ పోటీని ఆదివారానికి మార్చాడు. అదే మెసేజ్ ఈయన హరిప్రియకీ పంపాడు. విన్నట్టు రెండు నీలం గీతలు కనిపించాయి.

శనివారం ఎలా గడిచిందో అడక్కండి. ఆదివారం తెల్లారగట్లే ఉష ఉప్పులో ఊరిన మామిడి ముక్కల్ని మేడమీద పాత చీర పరిచి ఎండబెట్టింది. ఇవాళ ఆంధీ వస్తుందా అని మొగుణ్ణి రెండుసార్లు అడిగింది. రాదు రాదు అన్నాడు ఫోన్లోంచి తల ఎత్తకుండా. పైన మేడ మీద ఆకాశం ఒకటుందన్న సంగతే ఆయన మర్చిపోయాడు. కూతురు నీళ్లలో ఉందని తెలుసు. ఉదయ్ ఫోన్ ఎత్తడనీ తెలుసు. అయినా చేస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం అయ్యేసరికి వెలుగు పసుపుపచ్చగా మారింది. తలుపులు దభాదభా కొట్టుకున్నాయి. మౌసమ్‌వాలే అంకుల్ కూర్చున్న కుర్చీ మీదకే గుప్పెడు దుమ్ము వచ్చి పడింది. ఉష అయ్యో నా మాగాయ అంటూ మెట్లెక్కి పరిగెత్తింది, వెనకాలే ఈయన. చీర ఒక కొస ఆవిడ, ఒక కొస ఆయన పట్టుకుని ముక్కల్ని బేసిన్లోకి ఎత్తుతున్నారు. నోట్లో ఇసుక కరకరలాడుతోంది. నేవీలో ఇన్నేళ్లు చేశారు, ఇంటి మీదికొచ్చిన గాలి కనపడలేదా అని ఉష ఆయన్ని తిడుతూనే ఉంది.

అప్పుడు మోగింది ఫోను. ముందు ఉదయ్ మెసేజ్. మావయ్యా, పిల్ల రెండోది, శిబిరానికి ఎంపికైపోయింది, ఒక కెరటం మీద నిలబడ్డాదీ, వాడోళ్లంతా ఒడ్డుకొచ్చేసినారు అని ఒకటే కేకలు. దాని వెనకే హరిప్రియది. నొక్కితే ముందు అంతా హోరు. ఈ మేడమీద గాలిదో ఆ ఒడ్డున నీళ్లదో తెలియలేదు, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. ఆయాసపడుతూ, ఒక్కో మాటా వెతుక్కుంటూ వచ్చింది కూతురి గొంతు.

“నాన్నా... సముందరం బాగుంది. బహుత్ బాగుంది.”

ఏమందండీ అని అడిగింది ఉష. ఆయన ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టి, మళ్లీ మొదటినుంచి నొక్కాడు. ఆ నాన్నా అన్న మాట దగ్గర ఆవిడ చెయ్యి కూడా ఆగిపోయింది. వీరాంజనేయులు కళ్లమ్మట నీళ్లు కారాయి. దుమ్ము పడిందని చెప్పొచ్చు, చుట్టూ కావలసినంత దుమ్ముంది. అలా చెప్పాలని ఆయనకి తోచలేదు. బేసిన్ రెండు చేతులా పట్టుకుని, ఏడుస్తూ, నవ్వుతూ, మెట్లు దిగి ఇంట్లోకి వచ్చి, కుళాయి తిప్పి ముక్కలన్నీ ఒక్కటొక్కటిగా కడగడం మొదలుపెట్టాడు.