శుభలేఖ అడుగున ఎలుకలు

నాకింకా పెళ్ళి కాని ఆ రోజుల్లో, మా తిరువూరులో ఒక మనిషి గొప్పతనం తేల్చడం పెద్ద పని కాదు. పొలమెంత, మామిడితోట కాపెలా ఉంది అని అడిగితే సరిపోయేది. చిక్కల్లా మా అన్నయ్యతోనే వచ్చింది. తను యూనివర్సిటీలో ఎలుకల్ని నిద్రపోనివ్వకుండా ఉంచి, వాటి మెదడు ఏమవుతుందో చూసేవాడు. (అమ్మ ఈ సంగతి బంధువులకు చెప్పేది కాదు. "ఏదో చదువుతున్నాడు" అనేది.) ఏళ్ళ తరబడి ఎలుకలతో పాటు జాగారం చేసి ఒకే ఒక్క వ్యాసం అచ్చులోకి తెచ్చాడు. నిద్ర చాలని ఎలుక తెలిసిన దారి కూడా మరిచిపోతుందని దాని సారాంశం.

లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ దగ్గరపడింది. అది రాకపోతే ఎలుకల్ని వదిలేసి తోట చూసుకోవాల్సిందే. సెలవులకు ఇంటికొచ్చిన అన్నయ్య అన్నం కలుపుతూ మధ్యలో ఆగిపోతుంటే, బాబాయి నన్ను పిలిచి కారణం అడిగాడు. బాబాయికి కాలితో తొక్కే ప్రెస్సు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ శుభలేఖలు, కరపత్రాలు అక్కడే అచ్చయ్యేవి. బి.ఎస్సీ. ముగించుకుని నేను అక్కడ ప్రూఫులు దిద్దుతుండేదాన్ని కనుక, శాస్త్ర విషయాల్లో ఇంటిల్లిపాదికీ నేనే దిక్కు.

"వ్యాసం రాస్తే చాలదు బాబాయ్. వేరేవాళ్ళు తమ వ్యాసాల అడుగున 'ఫలానాది చూడండి' అని వెయ్యాలి. ఎంతమంది వేస్తే అంత గొప్ప."

"మనవాడిది ఎంతమంది వేశారు?"

"ఇద్దరు."

"ఇద్దరేనా!" బాబాయి కళ్ళజోడు తీసేశాడు. "అచ్చులో, అడుగున రావాలి. అంతేగా? ఇన్నాళ్ళూ చెప్పవేంటే?"

అంతేనన్నాను. (వేరే ప్రూఫు చూస్తూ అన్నాను.)

మర్నాటి నుంచి మా ప్రెస్సులో అచ్చయిన ప్రతి కాగితం అడుగునా చిన్న అక్షరాల్లో "చూడుడు: నిద్రలేమి వలన ఎలుక మెదడున కలుగు మార్పులు" అనీ, పక్కన అన్నయ్య పేరూ, డిగ్రీలూ వెలిశాయి. రెడ్డిగూడెం మామిడితోటల వేలం నోటీసు మీద పడింది. గంపలగూడెం పురుగుమందుల కొట్టు కరపత్రం మీద పడింది. (ఎవరో రైతు ఆ కొట్టుకెళ్ళి, ఎలుకల్ని నిద్రపోనివ్వని మందు ఇమ్మన్నాడట.) విస్సన్నపేట రైసు మిల్లు యజమాని మాత్రం కూతురి శుభలేఖ పట్టుకుని స్వయంగా వచ్చాడు.

"ఇదేంటండీ, మా వియ్యంకుడి పేరు కిందే ఎలుకలు?"

"దానికి మేం డబ్బులు పుచ్చుకోవట్లేదులెండి. ఊరికే వేశాం."

"అది కాదండి..."

"పోనీ, ఇంకాస్త కిందికి జరుపుతాను."

అలాగైతే సరేనన్నాడాయన.

ఇదంతా అన్నయ్యకు తెలిసేసరికి ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. ఇంటర్వ్యూ అయ్యాక బస్సు దిగి నేరుగా ప్రెస్సుకొచ్చాడు. ఇంటర్వ్యూ చేసినవాళ్ళలో ఒక పెద్ద ప్రొఫెసరు, "మీ వ్యాసాన్ని ఎంతమంది పేర్కొన్నారు?" అని అడిగారట. ఇద్దరండీ అన్నాడట అన్నయ్య. ఆయన సంచీలోంచి పసుపు రాసిన రైసు మిల్లువారి శుభలేఖ తీసి, "ముగ్గురు" అన్నారట. ఆ పెళ్ళికొడుకు ఆయన మేనల్లుడు! పెళ్ళికీ ఎలుకలకీ సంబంధమేమిటో తెలియక, లైబ్రరీకెళ్ళి వ్యాసం వెతికించి మొత్తం చదివారట. ఇంటర్వ్యూలో దాన్ని చదివినవారు ఆయనొక్కరే. మిగతావాళ్ళు ఎంతమంది వేశారన్నదే చూస్తుంటే, ఈయన మాత్రం ఎలుకల గురించి భోజనాల వేళదాకా ప్రశ్నలు వేసి, ఉద్యోగం ఖాయం చేశారు.

"అయితే శుభలేఖ లెక్కలోకొచ్చినట్టేగా?" అన్నాడు బాబాయి.

"రాదు బాబాయ్!"

"ఉద్యోగం వచ్చిందా, లేదా?"

వచ్చిందని ఒప్పుకున్నాడు అన్నయ్య.

ఇప్పుడు మా పాపకి అయిదో నెల. రాత్రిళ్ళు అది ఏడిస్తే ఎందుకేడ్చిందా అని లేస్తాను, ఏడవకపోతే ఎందుకేడవలేదా అని లేస్తాను. నిన్న పాలసీసా బీరువాలో, తాళాలు బియ్యం డబ్బాలో దొరికాయి. అన్నయ్య వ్యాసాన్ని ఇన్నాళ్ళకు పూర్తిగా చదివాను. అందులో ప్రతి వాక్యమూ నిజం. నన్ను కూడా ఆ ఎలుకల లెక్కలో వేసుకోమంటే, అలా కుదరదని జవాబు రాశాడు. బాబాయి మాత్రం పాప అన్నప్రాశన కార్డు అడుగున వ్యాసం పేరు వేసేసి, ప్రూఫు నాకే పంపాడు. ఒక్క చూపులో తప్పులన్నీ పట్టేసి, తల దిండు మీద పెడితే తెల్లారేదాకా లేవని ప్రెస్సులోని ఆ పెళ్ళికాని అమ్మాయి ఇప్పుడుంటే బాగుండును. ప్రూఫులో తప్పులేవీ లేవనే అనుకుంటాను. చదివానో లేదో గుర్తులేదు.