మూలుగ బొక్క సినిమా

మా టీవీ మీద నెల రోజులుగా ఒక తెల్ల తువ్వాల కప్పి ఉంది. అమ్మ పోయిన రోజు దూరపు బంధువు ఒకామె దాన్ని కప్పి, ఏడాది దాకా తీయకూడదని, చావు జరిగిన ఇంట్లోంచి పాటలూ నవ్వులూ వినబడితే నలుగురూ నోళ్ళు నొక్కుకుంటారని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ ఫోను కూడా చేయలేదు, తువ్వాల మాత్రం అలాగే ఉంది. నిన్న అటక మీది సామాను దించుతుంటే అమ్మ బీడీల చేట బయటపడింది. అమ్మ బీడీలు చుట్టడం మానేసి ఏళ్ళు గడిచినా ఆ చేట అల్లికలో ఇరుక్కున్న తంబాకు వాసన మాత్రం మానలేదు, ముక్కుకు ఘాటుగా తగిలి రెండు తుమ్ములు తెప్పించింది. తుమ్మి, కళ్ళు తుడుచుకుని, ఆ చేటను ఒళ్ళో పెట్టుకుని తువ్వాల వైపు చూస్తూ కూర్చున్నాను. మా ఊరు లింగంపేటలోని వాడకట్టు ఆడవాళ్ళు ఎవరైనా ఈ తువ్వాలను చూస్తే ఏమనేవారో నాకు బాగా తెలుసు.

మా అమ్మనూ, ఆమె చెల్లెలు సాయవ్వ చిన్నమ్మనూ ఒకే ఊళ్ళో, ఒకే వాడకట్టులో, గోడకు గోడ ఆనుకున్న ఇండ్లలో ఇచ్చారు. పొద్దున వంటలు ముగిశాక ఏడెనిమిది మంది ఆడవాళ్ళు తమ తమ చేటలు పట్టుకుని మా అరుగు మీదికి చేరేవారు. రాత్రంతా తడిగుడ్డలో చుట్టిపెట్టిన తునికాకుల పచ్చి వాసన, తంబాకు ఘాటు, ఎవరి జడలోంచో వచ్చే కొబ్బరినూనె వాసన, పక్కింట్లో ఉడుకుతున్న మక్కజొన్న గట్క వాసన అన్నీ కలిసి అరుగంతా కమ్ముకునేవి, కత్తెరలు కిచకిచమంటుండేవి, రాలిన ఆకు తుంటలతో మేం పిల్లలం పర్సులు కుట్టుకుని వాటిలో చింతగింజలు దాచుకునేవాళ్ళం. ఆ తుంటలే సాయంత్రం నీళ్ళ పొయ్యిలోకి పోయేవి కాబట్టి మా స్నానాల నీళ్ళకు కూడా బీడీల వాసన ఉండేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకుంటే నేను ఇంకా దగ్గరికి జరిగి కూర్చునేదాన్ని.

ఆ అరుగుకు ఎదురుగా, దర్వాజలోకి తిప్పిపెట్టిన మా టీవీ ఉండేది. దాని కింద సీడీల డబ్బా. వాడకట్టు మొత్తానికి అదొక్కటే కాబట్టి ఏ సినిమా పెట్టాలన్నది అందరి పంచాయతీ. వీళ్ళలో ఎవరికీ సినిమాల పేర్లు తెలియవు, తెలుసుకోవాలన్న పట్టింపూ లేదు. పొద్దున చేట కింద పెట్టగానే ఒకరినొకరు అడిగేది ఒక్కటే మాట: "ఇయ్యాల మనసెట్లున్నదే?" అత్తతో గొడవపడి వచ్చినామె ఉంటే "అత్త ఓడిపోయేది పెట్టుండ్రి" అనేవారు. కూతుర్ని అత్తగారింటికి పంపి వచ్చినామె ఉంటే ఆకు తడిపే సినిమా కావాలనేవారు. అంటే కన్నీళ్ళు చేటలో పడి ఆకు రెండోసారి తడిసేటంత ఏడిపించేది. ఇంకా పెద్ద లెక్క ఒకటుండేది. సాయంత్రం కార్ఖానాలో బీడీలు అప్పజెప్పాల్సిన రోజు చేతులు ఆగని సినిమా పెట్టాలి, పదిసార్లు చూసిన కొట్లాటలదో, దేవుళ్ళదో అయితే చెవులు అటు పెట్టి చేతులు నడిపించుకోవచ్చు. పని తక్కువున్న రోజు, పండుగ మర్నాడు, చేతులు ఆగే సినిమా. సినిమా గొప్పతనం కొలవడానికి అంతకన్నా నిజాయితీ గల కొలబద్ద నేను ఇప్పటికీ చూడలేదు, ఎవరైనా సినిమాకు ఇన్ని స్టార్లని లెక్కపెట్టి చెబితే నాకు నవ్వొస్తుంది.

ఈ కోరికలన్నీ మోసుకుపోయే పని నాది, ఎందుకంటే నేను ఎల్లారెడ్డిలో చదువుకునేదాన్ని, అక్కడ బస్టాండు పక్క సందులో నర్సన్న సీడీల దుకాణం ఉండేది. "నర్సన్నా, మా రాజమణత్త కోడలు మాట్లాడుతలేదట" అని చెబితే చాలు, అతను గడ్డం గోక్కుంటూ వెనక్కి తిరిగి అరలోంచి ఒకటి తీసేవాడు. నూటికి తొంభై పాళ్ళు సరిగ్గా అతికేది. అలా అని అతనేమీ దేవుడు కాదు, ఒకసారి అతను మా ఇంటి విషయంలో చేసిన తప్పు గురించి చెప్పడానికే ఇదంతా చెబుతున్నాను.

వానాకాలంలో కరెంటు ఇష్టమొచ్చినట్టు పోయేది. కాల్చిన మక్క కంకులు, ఉప్పూ కారం రాసినవి, చేతుల్లో వేడివేడిగా ఉండగానే, సరిగ్గా కథానాయిక విషం గిన్నె అందుకునేటప్పుడే టీవీ నల్లబడేది. అప్పుడు అందరి తలలూ సాయవ్వ చిన్నమ్మ వైపు తిరిగేవి. మా అరుగు మీద కరెంటు పోయినా సినిమా ఆగేది కాదు, ఎందుకంటే చిన్నమ్మ మిగతాది చెప్పేది. ఆమె అంతకుముందు చూసినదైతే ఉన్నదున్నట్టు, చూడనిదైతే తన ఇష్టమొచ్చినట్టు, గొంతులు మార్చి, కత్తెరను కత్తిగా, చేటను డాలుగా తిప్పి చెబుతుంటే, కరెంటు వచ్చినా ఎవరూ లేచి టీవీ పెట్టేవారు కాదు. బతుకమ్మ పండుగకు ప్రసాదంగా మలీద ముద్దలు పంచుతూ కూడా ఆమె చుట్టూ ఒక గుంపు ఉండేది. అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. అమ్మకు నవ్వన్నా భయమే, నలుగురన్నా భయమే.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు చిన్నమ్మ భర్త, మా చిన్నబాపు, భీవండిలో పోయాడు. మగ్గాల పనికి వెళ్ళిన మనిషి అక్కడే జ్వరమొచ్చి పోతే, మనుషులు తెచ్చి వాకిట్లో దించారు. ఆ తరువాత చిన్నమ్మ అరుగు మీదికి రాలేదు. లోపలి గదిలో, గోడ వైపు తిరిగి, చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. వచ్చిన ప్రతి మనిషీ ఆమె పక్కన కూర్చుని, ఆమె ఏడవకపోతే ఏడ్చేదాకా గుర్తుచేసి, ఏడ్చాక ఊరుకోమని చెప్పి లేచిపోయేవారు. కొన్నాళ్ళకు ఆమె ఏడవడం మానేసింది, మాట్లాడడమూ మానేసింది. మా అరుగు మీద కరెంటు పోతే సినిమా ఆగిపోవడం మొదలైంది. చీకటి టీవీ ముందు అందరూ తలలు వంచుకుని ఆకు కత్తిరించుకునేవారు, చిన్నమ్మ ఇక ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుందేమోనని నాకు దిగులుగా ఉండేది.

మక్క చేన్లు కోతకొచ్చిన రోజుల్లో, ఒక పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే లోపలి గదిలోంచి గొంతు వినబడింది.

"బిడ్డా, నవ్వేది ఒకటి తీస్కరా."

నేను బస్సు దాకా పరుగెత్తాను. సాయంత్రం నర్సన్న దుకాణంలో ఎగురుతూ "మా సిన్నమ్మకు నవ్వేది కావాలె" అన్నాను. ఎవరికని చెప్పకుండా ఉండాల్సింది, చెప్పాను. అదే నా తప్పు. నర్సన్న ముఖం వాడిపోయింది. "మొన్నమొన్ననే మొగడు పోయిన మనిషికి నవ్వేదేంది బిడ్డా? పాపం, గిది తీస్కపో, మనసు నిమ్మలమైతది" అని ఒక భక్తి సినిమా చేతిలో పెట్టాడు. పాపమన్న మాట అతను మంచి మనసుతోనే అన్నాడు. చిన్నమ్మ ఆ రోజు మా దర్వాజ పక్కన కూర్చుని, సతి యముడి కాళ్ళు పట్టుకునే దాకా చూసి, లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ గోడ వైపు తిరుగుతుందనుకున్నాను.

మర్నాడు ఆదివారం. చిన్నమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, నా చేయి పట్టుకుని బస్సెక్కింది. బస్సులో మా ఊరివాళ్ళు ఆమెను చూసి ఒకరి మోచేయి ఒకరు పొడుచుకున్నారు, ఏడాది గడవకుండా గడప దాటిందని ఒకామె వినబడేటట్టే అంది. చిన్నమ్మ కిటికీలోంచి ఆరబోసిన మక్కలను చూస్తూ కూర్చుంది, నేను మాత్రం ఆ మాటన్నామె వైపు ఎల్లారెడ్డి వచ్చేదాకా గుడ్లురిమి చూశాను. దుకాణంలో నలుగురు మగవాళ్ళున్నారు. చిన్నమ్మ సీడీని బల్ల మీద పెట్టింది.

"అన్నా, నా మనసెట్లున్నదో నాకు ఎరుకున్నంత నీకు ఎరుకనా? తోడల్లుళ్ళు మూలుగ బొక్క కోసం కొట్లాడేదున్నది సూడు, గది కావాలె."

నర్సన్న అరల వైపు తిరిగాడు. చాలాసేపు వెతికి, అట్టకు దుమ్ము పట్టిన సీడీ తీసి, చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చిన్నమ్మ చెప్పింది: "పెండ్లయిన కొత్తల మీ సిన్నబాపు నన్ను కామారెడ్డి తీస్కపోయి సూపెట్టిండు. నవ్వి నవ్వి మనిషి కుర్చీల నుంచి కింద పడ్డడు." చెబుతూ ఆమె ఏడవలేదు.

ఆ మధ్యాహ్నం అరుగు నిండింది. సినిమా కథంతా ఒక్క పూట భోజనం: అత్తగారింటికి వచ్చిన ఇద్దరు అల్లుళ్ళు, మాంసం కూరలో ఒక్కటే మూలుగ బొక్క, అంటే మూలుగు నిండిన ఎముక, అది ఎవరి పళ్ళెంలో పడాలన్నది గొడవ. ఆ ఇద్దరూ గరిటె కోసం పెనుగులాడుతుండగా కరెంటు పోయింది. అందరూ అలవాటుగా అయ్యో అని, అలవాటుగానే తలలు తిప్పి, గుర్తొచ్చి మళ్ళీ కిందికి దించుకున్నారు.

"చిన్నల్లుడు గరిటె గుంజుకున్నడు" అంది చిన్నమ్మ.

తలలన్నీ ఒక్కసారి లేచాయి. చిన్నమ్మ లేచి నిలబడి, కత్తెరను గరిటె చేసి, మా అమ్మ చేటను కూరగిన్నె చేసి, పెద్దల్లుడి బొంగురు గొంతూ చిన్నల్లుడి కీచుగొంతూ మార్చి మార్చి చెప్పుకుపోయింది. వాళ్ళిద్దరూ పంచెలు ఊడిపోయేటట్టు వాకిట్లో కొట్లాడుతుంటే, ఎన్నడూ అందరి తరువాతే తిన్న అత్త వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, ఆ బొక్కను గోడకు కొట్టి కొట్టి, మూలుగంతా జుర్రుకుని, మూతి తుడుచుకుని బయటికొచ్చి "పిల్లి తిన్నది బిడ్డా" అనే చోట అరుగంతా పగలబడి నవ్వింది. అమ్మ అందరికన్నా గట్టిగా నవ్వింది, కొంగు జారిపోయింది, ఒళ్ళో ఉన్న తంబాకు పొట్లం బోర్లాపడి అందరం తుమ్ముతూ నవ్వాం. చేతులన్నీ ఆగిపోయాయి.

వీధి చివర చిన్నబాపు అన్న గంగారం పెద్దబాపు వస్తూ కనబడ్డాడు. అమ్మ నవ్వు అక్కడికక్కడే ఆరిపోయింది. గబుక్కున చిన్నమ్మను లోపలికి లాగి, "సాయవ్వా, ఊకో, ఇజ్జత్ పోతది" అంటూ తలుపు వేసేసింది. చిన్నమ్మ అమ్మ చేతిని మెల్లగా తప్పించి తలుపు బార్లా తెరిచింది. పెద్దబాపు మెట్టు కింద నిలబడి ఉన్నాడు.

"తమ్ముడు పోయి ఏడాది గాలె. ఊరేమనుకుంటది?"

"ఏడ్సేటప్పుడు అందరు వచ్చి కూసున్నరు బావా" అంది చిన్నమ్మ. "నవ్వేటప్పుడు గూడ రా, కూసో. మీ తమ్ముడు నవ్విన సినిమానే."

పెద్దబాపు కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు. కానీ మర్నాడు పొద్దున ఆయన భార్య చేట చంకన పెట్టుకుని మా అరుగెక్కి, ఎవరి వైపూ చూడకుండా "గా బొక్క సివరికి ఎవరు తిన్నరే?" అని అడిగింది. చిన్నమ్మ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఆ రోజు నుంచి చిన్నమ్మ అరుగు మీదే కూర్చుంది. అమ్మ ఆ తలుపు వేసిన సంగతి ముసలితనంలో కూడా మరచిపోలేదు, మాట వస్తే చాలు, "నా చెల్లె మీద తలుపేసిన" అని తనను తాను తిట్టుకునేది.

ఇప్పుడు ఆ అరుగు లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. నర్సన్న దుకాణమున్న చోట ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఊళ్ళో ఇంకా బీడీలు చుట్టేవాళ్ళు ఎవరి గదిలో వాళ్ళు, చెవుల్లో తీగలు పెట్టుకుని, ఎవరి ఫోనులో వాళ్ళ సినిమా చూసుకుంటారు. మనసెట్లున్నదని పక్కమనిషిని అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు. నాకు ఎవరేం చూడమని చెప్పినా మంచిదే, కానీ నా ముఖం చూడకుండా చెప్పేవాళ్ళ మాట నేను వినను.

మోకాళ్ళ నొప్పుల వల్ల అమ్మ పోయినప్పుడు రాలేకపోయిన సాయవ్వ చిన్నమ్మ ఈ రోజు పొద్దున లింగంపేట నుంచి కామారెడ్డికి, మా అపార్టుమెంటుకు వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని మూడంతస్తులు ఎక్కి, నీళ్ళు తాగి, ఇల్లంతా కలయజూసి, నేరుగా వెళ్ళి టీవీ మీది తువ్వాల లాగి ముఖం తుడుచుకుంది.

"బిడ్డా, మనసెట్లున్నదే?"

నెల రోజుల్లో ఎవరూ అలా అడగలేదు. అమ్మ ఎలా పోయిందని అడిగారు, ఏ ఆసుపత్రి అని అడిగారు.  "అమ్మ నవ్విన సినిమా కావాలె సిన్నమ్మా" అన్నాను. ఇద్దరం టీవీ ముందు కూర్చుని వెతికాం. మూలుగ బొక్క అని, తోడల్లుళ్ళని, కూర కొట్లాట అని ఎన్ని రకాలుగా అడిగినా అది ఏవేవో వంటల వీడియోలు చూపించింది. పేరు మాకు ఎప్పుడూ తెలియదు. చిన్నమ్మ విసుక్కుని టీవీ ఆపేసి, బల్ల మీది అమ్మ చేటను అందుకుంది, వంటింట్లోంచి గరిటె తెమ్మంది.

చిన్నల్లుడి కీచుగొంతు ఈ వయసులో ఇంకా కీచుగా వచ్చింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను, ఏడ్చాను కూడా, రెండూ ఒకేసారి వచ్చాయి, ఏదీ ఆపుకోలేదు. నవ్వు వినబడి ఎదురింటామె తలుపు తీసిన చప్పుడైంది. అమ్మ పోయిన రోజు నా పక్కన కూర్చుని నాకన్నా ఎక్కువ ఏడ్చిన మనిషి ఆమె. మా తలుపు ఓరగా తెరిచి ఉంది. చిన్నమ్మ గరిటె ఆపి నా వైపు చూసింది.

నేను లేచి తలుపు బార్లా తెరిచాను. ఎదురింటామె గడపలో నిలబడి, ఖాళీ టీవీనీ, గరిటె పట్టుకున్న ముసలామెనూ, తడిసిన నా ముఖాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఏడ్చేటప్పుడు వచ్చారు కదా" అన్నాను. "రండి, కూర్చోండి."

ఆమె ఒక్క క్షణం ఆగి చెప్పులు విడిచింది.

"సిన్నమ్మా, మొదటి నుంచి చెప్పు."