వాపస్ పోయిన ప్లేట్లు

కోరుట్ల చరిత్రను ఎవరైనా తీరిగ్గా రాయదలచుకుంటే, నిజాం జమానాకూ పసుపు ధర పడిపోయిన సంవత్సరానికీ నడుమ ఎక్కడో ఒక అధ్యాయాన్ని జగపతి రావు గారి అలవాటుకు కేటాయించక తప్పదు. ఆ అలవాటు ఇది. హైదరాబాదులో ఏ హోటలుకు పోయినా ఆయన మెనూ కార్డు తెరవడు. దాన్ని మర్యాదగా పక్కకు జరిపి, వచ్చిన వెయిటరును ఒకే ఒక ప్రశ్న అడుగుతాడు.

"తమ్మీ, మీ దగ్గర జనం సగం తిని వదిలిపెట్టి పోయేది ఏంది? గది తే."

వెయిటర్లు రకరకాలుగా స్పందించారు. కొందరు నవ్వారు, కొందరు మేనేజరును పిలిచారు, అమీర్‌పేటలో ఒకడైతే ఆహార తనిఖీ శాఖ నుంచి వచ్చాడనుకొని నీళ్ల సీసా ఉచితంగా ఇచ్చాడు. జగపతి రావు చలించలేదు. ఆయన సిద్ధాంతం దృఢమైనది. "అందరూ మెచ్చేది తిననీకి హైదరాబాద్ దాక పోవుడెందుకు? కోరుట్ల బస్టాండుల మిర్చి బజ్జీ లేదా? మనిషి వదిలిపెట్టిన దాంట్లనే అసలు సంగతి ఉంటది."

ఈయన తాతలు మేడిపల్లి చుట్టుపక్కల ఊర్లను ఏలారు. మనుమడికి ఏలడానికి కొంత పొలమూ, కోరుట్లలో ఒక ఎరువుల దుకాణమూ మిగిలాయి. ఎరువుల కంపెనీలు డీలర్లను అప్పుడప్పుడు హైదరాబాదుకు మీటింగుకు పిలుస్తాయి. పెద్ద హోటల్లో ఉచితంగా బఫే పెడతాయి. మిగతా డీలర్లు ఆ బఫే కోసమే మీటింగుకు వస్తారు. జగపతి రావు ఆ బఫే నుంచి తప్పించుకోవడానికి వస్తాడు. కొత్త పొటాషు గుణగణాల మీద స్లైడు వేసి లైట్లు ఆర్పగానే ఆయన కుర్చీ ఖాళీ అవుతుంది.

ఆ విధంగా ఆయన బార్కస్‌లో నేల మీద కూర్చొని అరబ్బుల మండి అన్నం, సికింద్రాబాదులో ఒక నాగా అమ్మాయి వండిన వెదురు చిగుళ్ల కూర, గచ్చిబౌలిలో కొరియా వాళ్ల పులిసిన క్యాబేజీ, బంజారాహిల్స్‌లో పొయ్యి మొహం చూడని చేప, మరొకచోట తనకంటే కాళ్లు ఎక్కువున్న సముద్రపు జీవిని ఆరగించాడు. తిరిగి వచ్చాక దుకాణంలో నివేదిక ఉండేది. యూరియా కోసం వచ్చిన రైతులు బస్తాల మీద కూర్చొని వినేవాళ్లు.

"కిమ్చి అంటే ఏం లేదు. మన తొక్కే. కాకపోతే క్యాబేజీ అలిగి పోయి ఫ్రిజ్జుల కూసున్నట్టుంటది."

"పచ్చి చేప ఎట్ల తిన్నవ్ దొరా?"

"కండ్లు మూసుకోని. మొదటి ముక్కకు దేవుడు యాదికొచ్చిండు. రెండోదానికి మా మేనత్త యాదికొచ్చింది. మూడోదానికి ఇంకో ప్లేటు చెప్పిన."

ఒకసారి మాత్రం నివేదికకు అంతరాయం కలిగింది. శనగలు ఉడకబెట్టి, మెత్తగా నూరి, మీద నూనె పోసి ఇచ్చే ఒక అద్భుతాన్ని ఆయన వర్ణిస్తుండగా, కథలాపూర్ రైతు రాజన్న గొంతు సవరించుకున్నాడు. రాజన్న ఏళ్ల తరబడి దుబాయిలో పనిచేసి వచ్చినవాడు.

"దాన్ని హమ్మస్ అంటరు దొరా. క్యాంపుల మేము పొద్దుగాల గదే, రాత్రి గదే."

"అదృష్టవంతుడివి రాజన్న."

"గది తినలేకనే గదా వాపస్ వచ్చిన. దానికి మీరు ఎదురు పైసలిస్తున్నరా?"

"ఇస్తున్న."

రాజన్న బస్తా భుజానికెత్తుకొని, "చదువుకున్నోళ్ల కడుపులు వేరే ఉంటయి" అనుకుంటూ వెళ్లిపోయాడు.

జగపతి రావు భార్య సత్యవతి జగిత్యాల ఆడబిడ్డ. భర్త దిగ్విజయాల పట్ల ఆమె విదేశాంగ విధానం క్లుప్తంగా ఉండేది: ఏం తిని వచ్చినా స్నానం చేసే వంటింట్లోకి రావాలె. ఈ ఒప్పందం మీద సంసారం ప్రశాంతంగానే సాగింది, బిడ్డ ప్రియదర్శిని హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఒక పిల్లవాణ్ని ఇష్టపడేదాకా.

పిల్లవాడి పేరు సాత్విక్. అదే ఆఫీసు. సొంతూరు ఎల్లంతకుంట, తండ్రి దేవేందర్ రావుకు సిరిసిల్లలో పెట్రోల్ బంకు. కులం కలిసింది, చదువు కలిసింది, జాతకం కలవకపోతే పంతులు కలిపాడు. అయినా సత్యవతి ఆ ఇంటిపేరు వినగానే లేచి లోపలికి పోయింది. దానికి కారణం ఉంది.

మా వైపు పెండ్లిలో అన్నం ఉంటే సరిపోదు, పిలుపు ఉండాలి. ఇంటివాళ్లలో ఒకరు వచ్చి, పేరో వరసో పెట్టి, "లేవుండ్రి, బంతికి రాండ్రి" అనేదాకా మర్యాద గలవాడు కుర్చీలోంచి కదలడు. ఆకలితో కళ్లు తిరిగితే కుర్చీలోనే తిరగాలి. పిలువకుండా పోయి కూర్చున్నవాణ్ని ఊరు జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది. ప్రియదర్శిని ఇంకా బడికి పోని రోజుల్లో, సిరిసిల్లలో ఈ దేవేందర్ రావు తమ్ముడి పెండ్లి అయింది. సత్యవతి, జగపతి రావు వెళ్లి షామియానా కింద కూర్చున్నారు. బంతి మీద బంతి లేచింది. వంకాయ కూర వాసన వచ్చింది, పోయింది. ఒక్కరూ వచ్చి పిలువలేదు. చివరికి ఒకాయన నేరుగా సత్యవతి దగ్గరికే వచ్చాడు. ఆమె కొంగు సర్దుకొని లేచింది. ఆయన టెంట్‌హౌజ్ మనిషి, ఆమె కూర్చున్న కుర్చీ కోసం వచ్చాడు.

దారిలో వేములవాడలో అరటిపండ్లు కొనుక్కొని తిని ఇల్లు చేరారు. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టనని సత్యవతి ఆ రోజే ప్రకటించింది. ప్రకటన ఇప్పటికీ అమలులో ఉంది.

బిడ్డ అన్నం మానలేదు, ఏడవలేదు. ఊరికే ఉంది. తల్లికి అదే భయమేసింది. చివరికి ఎవరింట్లోనూ కాకుండా హైదరాబాదులో ఒక రెస్టారెంటులో రెండు కుటుంబాలు కలుసుకునేటట్టు కుదిరింది. సత్యవతి షరతు పెట్టింది.

"వస్త. కూసుంట. కని వాళ్లు నన్ను పేరు పెట్టి తినుమని పిలిచేదాక ఒక్క మెతుకు ముట్ట. పిలువకపోతే లేస్త. నాతోని సంబంధం గూడ లేస్తది. మీరు గూడ ముట్టద్దు."

"నేనా?" అన్నాడు జగపతి రావు.

"మీరే. ఇంకెవలికి చెప్తరు గీ మాట?" అని ఆమె బిడ్డ వైపు తిరిగింది. "నువ్వు పోయి ఆ పిలగానికి చెప్పి పిలిపిచ్చినవనుకో, అది పిలుపు గాదు, నాటకం. చెప్పనని ఒట్టెయ్యి."

ప్రియదర్శిని ఒట్టేసింది. జగపతి రావు వేయలేదు, ఎందుకంటే రెస్టారెంటు పేరు అప్పుడే విన్నాడు. జూబ్లీహిల్స్‌లో అది. అక్కడ ఏదీ అడిగే పనిలేదు. వాళ్లకు తోచింది ఒకదాని తరువాత ఒకటి తెచ్చి పెడతారు. ఎన్నో రోజుల ముందు చెబితే గాని చోటు దొరకదు. ఆయన చాలాకాలంగా దాని గేటు ముందు నుంచి కారు నెమ్మదిగా పోనిస్తున్నాడు.

అనుకున్న ఆదివారం మధ్యాహ్నం అందరూ కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క పేరు రాసిన చిన్న అట్ట. ఈ పక్క ముగ్గురు, ఆ పక్క సాత్విక్, అతని తల్లి, దేవేందర్ రావు. ఇక్కడ దేవేందర్ రావు లెక్క కూడా చెప్పాలి. పిల్లనిచ్చేవాళ్లే పిలవాలని, వాళ్లు పిలవకముందే చెయ్యి పెడితే తేలికైపోతామని ఆయన కారులోనే ఇంటివాళ్లను హెచ్చరించాడు. సిరిసిల్ల పెండ్లి సంగతి ఆయనకు గుర్తు కూడా లేదు. పిలువనివాళ్లకు ఎప్పుడూ గుర్తుండదు.

జాన్ అనే వెయిటరు మొదటి వంటకం తెచ్చాడు. నల్లటి రాయి, దాని మీద బొట్టుబిళ్లంత జొన్నరొట్టె, దాని మీద పొగబెట్టిన వెన్న. ఆ రొట్టె పుట్టుపూర్వోత్తరాలన్నీ వివరించి పక్కకు నిలబడ్డాడు. ఎవరూ కదలలేదు.

"వానలు మంచిగ పడ్డయి," అన్నాడు దేవేందర్ రావు, రొట్టెను చూస్తూ.

"యూరియా గూడ మంచిగ పోయింది," అన్నాడు జగపతి రావు, అదే రొట్టెను చూస్తూ.

కాసేపటికి జాన్ రాళ్లను వెనక్కి తీసుకుపోయాడు. రెండోది వచ్చింది: చింతచిగురుతో చేసిన ఐస్‌క్రీము, అందులో నిలబెట్టిన ఒక రొయ్య. ఆ రొయ్య సరిగ్గా జగపతి రావు వైపే తిరిగి ఉంది. ఆయన చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. సాత్విక్ చెంచా దాకా చెయ్యి పోనిచ్చాడు గాని, తల్లి బల్ల కింద గిల్లడంతో ఆ చెయ్యి తల దువ్వుకొని తిరిగి వచ్చింది. ప్రియదర్శిని ఒట్టును నీళ్లతో దిగమింగుతోంది, గ్లాసు మీద గ్లాసు.

జగపతి రావు దారి వెతికాడు. "దేవేందర్ రావు గారూ, మీ సిరిసిల్ల పెండ్లిళ్లల్ల పిలుపులు, వడ్డనలు బాగుంటయని పేరు గదా?"

"మరి. మా దగ్గర లోటే రాదు."

"అవును," అంది సత్యవతి. "కుర్చీలు గూడ టైముకు తీసుకపోతరు."

దేవేందర్ రావు దీన్ని ప్రశంసగా స్వీకరించి తల పంకించాడు. బల్ల కింద జగపతి రావు కాలి మీద సత్యవతి కాలు పడింది. రొయ్య వెనక్కి పోయింది. మూడోది గాజు మూత కింద పొగతో వచ్చింది. మూత తీస్తే పొగ పోయింది, లోపలున్న పిట్టగుడ్డు మాత్రం ఎవరికీ పట్టకుండా అలాగే ఉండిపోయింది. అదీ వెనక్కి పోయింది. జనం వదిలిపెట్టేదేమిటని ఊరంతా అడుగుతూ తిరిగిన మనిషి ముందు నుంచి, ఆయన వదిలిపెట్టినవే వరుసగా ఊరేగింపుగా పోతున్నాయి. సత్యవతి సంచి ఒళ్లోకి తీసుకుంది. ప్రియదర్శిని అది చూసి గ్లాసు కింద పెట్టింది.

లోపల వంట చేసే ఆయన తలుపు సందులోంచి బయటికి తొంగి చూశాడు. ఆయన మొహం చూసి జాన్ ఇక ఉండలేకపోయాడు. వచ్చి రెండు చేతులు జోడించి, అట్టల మీది పేర్లు చూస్తూ అన్నాడు. "సత్యవతి గారూ, దయచేసి తినండమ్మా. జగపతి రావు గారూ, కానివ్వండి సర్. దేవేందర్ రావు గారూ, మీరూ మొదలుపెట్టండి."

సత్యవతి సంచి మీది చెయ్యి తీయలేదు.

"నన్ను పేరు పెట్టి పిలువుమని నీకెవలు చెప్పిన్రు?"

"టేబుల్ బుక్ చేసినవాళ్లు అందరి పేర్లూ ఇచ్చారమ్మా. వాళ్ల తరఫునే పిలుస్తున్నాను."

సత్యవతి తలెత్తి దేవేందర్ రావును చూసింది. ఆడపిల్లవాళ్లు ఇంత పద్ధతిగా మనిషిని పెట్టి పిలిపించారే అనుకుంటున్న దేవేందర్ రావు, మనసు నిండి, ఆమెకు వంగి నమస్కారం పెట్టాడు. ఇన్నేళ్లకు ఆ ఇంటి మనిషి తన ముందు తల వంచాడు. ఆమె సంచి కింద పెట్టింది.

"పిలిచినంక గూడ కూసోని సూస్తే మర్యాద గాదు," అంది.

"తమ్మీ," అన్నాడు జగపతి రావు, తొడల కింది నుంచి చేతులు తీస్తూ, "ఇందాక వాపస్ పోయినయి ఉన్నయా?"

"ఉన్నాయి సర్, కానీ ఆ ఐస్‌క్రీము కొంచెం కరిగి..."

"గవి తే."

ఆ తరువాత జరిగిన దాన్ని భోజనం అనడం దానికి న్యాయం కాదు. కరిగిన చింతచిగురును జగపతి రావు గిన్నెతో తాగాడు. "బావగారూ, పచ్చిపులుసు ఎండకాలం సెలవులకు మంచుకొండలకు పోయొచ్చినట్టున్నది గదా?" అన్నాడు. దేవేందర్ రావు రొయ్యను తోకతో సహా నమిలి, "తోక వదిలిపెడుతరా ఎవరన్న, బావగారూ?" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు కొత్తగా చూసుకున్నారు. పిట్టగుడ్లు రెండోసారి వచ్చాయి. వంటాయన ఈసారి తలుపు పూర్తిగా తెరిచి నిలబడి చూశాడు. పక్క టేబులు వాళ్లు సగం వదిలిన నల్లటి అన్నం వెనక్కి పోతుంటే వియ్యంకులిద్దరూ ఒకేసారి జాన్‌ను పిలిచి, గది మాకు వేరే ప్లేట్ల తే అన్నారు. సాత్విక్, ప్రియదర్శిని ఎదురెదురుగా కూర్చొని నవ్వాపుకోలేక నాప్కిన్లు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. సత్యవతి అన్నీ తిని, మూతి తుడుచుకొని, తీర్పు చెప్పింది: "ఉప్పు తక్కువ. కని పిలుపు మంచిగున్నది."

పెండ్లి కోరుట్లలో అయింది. సత్యవతి పందిరంతా తిరిగి ఒక్కొక్కరినీ పేరు పెట్టి బంతికి పిలిచింది, కుర్చీల కోసం వచ్చిన టెంట్‌హౌజ్ వాళ్లను కూడా. రాజన్నను రెండుసార్లు పిలిచింది. అతను రెండుసార్లూ కూర్చున్నాడు.

ఇప్పటికీ సిరిసిల్లలో దేవేందర్ రావు బంకుకు వచ్చిన వాళ్లందరికీ చెబుతుంటాడు. "కోరుట్లోళ్ల మర్యాదే మర్యాద. హోటల్ల గూడ మనిషిని పెట్టి పేరు పేరున పిలిపిచ్చిన్రు." కోరుట్లలో సత్యవతి చెప్పేది వేరు. "ఇన్నేండ్లకైనా బుద్ధొచ్చి, వాళ్లే నా పేరు పెట్టి పిలిపిచ్చిన్రు."

ఆ టేబుల్ బుక్ చేసింది ప్రియదర్శిని.