అర్జీలో నేను కలిపిన వాక్యం

నాన్న అర్జీలో ఒక వాక్యం నేను కలిపాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

నాన్న కృష్ణా నది అవతల బొగ్గు గనిలో, భూమి లోపల పనిచేస్తాడు. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. అవి నిలబడితే తప్ప బొగ్గెత్తే మిషన్ ముందుకు పోకూడదు. నెలకోసారి పిడుగురాళ్లలోని మా ఇంటికి వస్తాడు. ఆ నెల మోకాలు వాచి వచ్చాడు.

“ఇంగ్లీషులో రాయమ్మా. మోకాలు పట్టేసింది, పైన ఏదన్నా పని ఇప్పించండని. అంతే.”

నాకది చాల్లేదు. చదివినవాళ్ల మనసు కరగాలనుకున్నాను. ఆయన ఎప్పుడెప్పుడో చెప్పినవన్నీ రాశాను: నడుము వంచితే తప్ప పట్టని ఎత్తు, మోకాళ్ల దాకా నీళ్లు, చొక్కా పిండుకునేంత ఉక్క. చివర్లో, అలాంటి చోట సగం దుంగలు కూడా నిలబెట్టలేకపోతున్నానని కలిపాను. నాన్నకు ఇంగ్లీషు రాదు. సంతకం పెట్టాడు.

ఆఫీసరుకు ఆ సగమే కనిపించింది. షిఫ్టు మారే వేళ అందరి ముందూ, “మిషన్ ఎందుకు ఆగుతోందో ఇప్పుడు తెలిసింది. సగం పనే చేస్తున్నావంటగా” అన్నాడట. పైన పని ఇవ్వలేదు. అదే చోటికి పంపి, దుంగకెంత సేపు పడుతోందో లెక్కేయడానికి పక్కన వాచీ పట్టుకున్న మనిషిని నిలబెట్టారు. తోటివాళ్లు ‘సగమోడు’ అని పేరు పెట్టారు.

చాడీ చెప్పింది తన జతగాడేనని నాన్న అనుకున్నాడు. ఆయనది మాచర్ల, నాకు మామయ్య వరస. నాన్న ఇంటికొచ్చి, స్పీకర్ పెట్టి మరీ ఆయనకు ఫోన్ చేశాడు.

“నా పని నీకుగాక ఎవడికి తెలుసురా?”

“నేనెందుకు చెప్తా బావా? దుంగ రెండో కొస మోసేది నేనే గదా! నీది సగమైతే నాది మాత్రం నిండా?”

“ఛీ, నీ మొహం చూపించమాక.”

నేను అన్నం కంచం పట్టుకుని అక్కడే ఉన్నాను.

మామయ్య వేరే షిఫ్టుకు మారిపోయాడు. నాన్న పక్కకు కొత్త మనిషి వచ్చాడు.

ఒకరోజు మాచర్ల వెళ్తూ మామయ్య మా ఇంటి ముందు ఆగాడు. నాన్న ఊళ్లో లేడు. మంచినీళ్లు తాగి, “అర్జీలో ఏం రాశారు పాపా?” అని అడిగాడు.

“మోకాలి సంగతే మామయ్యా.”

“రాసింది నువ్వే గదా” అన్నాడాయన. గ్లాసు నా చేతికిచ్చి చెప్పులేసుకున్నాడు.

“మీ నాయనకి చెప్పు. ఆ కొత్తోడికి పైకప్పు తట్టి, ఊడేదో కాదో చూడటం రాదు. వాడి మాట నమ్మి లోపలికి పోవద్దను.”